కండ్లు తెరవని దొరసాని

దోహా (అల్ దోహా అల్ జదీదా)
20 అక్టోబర్ 1995

మాలతికి,

నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. ఈ మాట ముందే రాస్తే, నువ్వు ఉత్తరం చదివి వినిపిస్తుంటే మా అమ్మ మధ్యలో అడ్డు తగలకుండా ఉంటుంది. ఇప్పుడు అసలు సంగతి.

డేగలూ గుర్రాలూ తెరచాప పడవలూ వేసి వేసి విసుగొచ్చిందని పోయినసారి రాశాను కదా. ఆ విసుగు తీరింది. మా దుకాణం సేఠ్ హమీదుద్దీన్ పెద్ద ఆర్డరు పట్టాడు. ముఐథర్‌లో కొత్తగా విల్లా కట్టుకున్న ఒక పెద్దింటి వాళ్ళకు హాలు గోడల మీదికి ఆరు బొమ్మలు కావాలట. ఎవరివనుకున్నావు? యూరప్ దొరలవీ దొరసానులవీ, మూడొందల ఏళ్ళ కిందటి వాళ్ళవి. ఆ ఇంటి పెద్దావిడను అందరూ ఉమ్ నాసర్ అంటారు, అంటే నాసర్ వాళ్ళమ్మ అని. వైద్యం కోసం కొడుకు వెంట యూరప్ వెళ్ళినప్పుడు ఏదో రాజభవనంలో ఇలాంటివి వరసగా చూసి ముచ్చటపడిందట. పుస్తకం కూడా తనే తెచ్చి ఇచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు, మనిషంత ఎత్తున, చేత్తో వెయ్యాలి. అచ్చుబొమ్మలు వద్దంది. రంజాన్ పండుగకు చుట్టాలు దిగేసరికి ఆరూ గోడకు ఉండాలి.

మొదటి బొమ్మకే నవ్వులపాలయ్యాను. చేతి అలవాటు కొద్దీ దొర వెనకంతా మన చేర్యాల కథల పటంలో లాగా ఎర్రగా నింపేశాను. సేఠ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఈ బొమ్మల్లో వెనకంతా చీకటి. వెలుగు ఒక పక్కనించి వచ్చి ముఖం మీద పడుతుంది, చొక్కా లేసుల మీద పడుతుంది, మిగతా మనిషి ఆ చీకట్లోనే కలిసిపోతాడు. మళ్ళీ మొదలుపెట్టి వేశాను. ఇప్పుడు చెయ్యి తిరిగింది. మఖ్మల్ బట్ట మీద మెరుపు తెచ్చినప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను, నువ్వు దగ్గర లేవు కాబట్టి.

మూడు బొమ్మలు అయ్యాయి, కండ్లు తప్ప. నా పక్కన ఫ్రేములు కొట్టే ఇక్బాల్ వాటికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు, భయమట. గుర్రానికీ డేగకూ ఎవరైనా కండ్లు పెట్టొచ్చు గానీ, మనిషికీ దేవుడికీ మన ఇంట్లో ఒక్క చెయ్యే తెరవాలి. మా మామ పోయేముందు ఆ హక్కు నాకు కాకుండా కూతురివని నీకు ఇచ్చాడు. శిష్యుడినీ మేనల్లుడినీ అల్లుడినీ నేనుండగా. సరే, దానిమీద కొట్లాట అప్పుడే అయిపోయింది. ఇప్పుడు నువ్వు సరేనని ఒక్క ముక్క రాయి, నేను తెరుస్తాను. పండుగకు ఆరూ ఇవ్వకపోతే నన్ను చేర్యాల పంపేస్తానని సేఠ్ నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నీ
ఆంజనేయులు


చేర్యాల
8 నవంబర్ 1995

బావా,

అత్త బాగుంది, నేను బాగున్నాను, నీ ఉత్తరం చదివాక ఇంకొంచెం బాగున్నాను. ఇన్నాళ్ళకు నా అవసరం పడిందన్నమాట.

సరేనని ఒక్క ముక్క రాయాలా? రాయను. మా బాపు, అదే నీ మామ, పటం ముందు కూర్చుని ఏమనేవాడో మరిచావా? "కథ తెల్వని మనిషికి కండ్లు తెరిస్తే, ఆ మనిషి ఎటు సూడాల్నో తెల్వక ఆగమైతడు" అనేవాడు. పటం కథ చెప్పేవాళ్ళు వచ్చి మన అరుగు మీద కూర్చుని కథంతా పాడి వినిపించాకే కదా ఆయన చెయ్యి కడుక్కుని కండ్ల జోలికి పోయేది. ఎవరి కొడుకు, ఎవరి మీద అలిగాడు, ఎవరికి భయపడతాడు, ఇవి తెలియకుండా చూపు ఎట్లా వస్తుంది? నీ దొరలు ఎవరు? ఏం చేశారు? దొరసాని ఎవరిని కట్టుకుంది? కనుక్కుని రాయి, ఫోటోలు కూడా పంపు. అప్పుడు ఆలోచిస్తాను.

వెనక చీకటి ఎందుకో కూడా అడుగు. ముఖంలో సగం చీకట్లో పెడితే సగం మనిషిని గీసినట్టే కదా, అంత గొప్ప ఇళ్ళలో దీపం పెట్టుకోలేదా?

ఇక్కడ పటాలు అడిగేవాళ్ళు ఎవరూ రావడం లేదు. చెక్క బొమ్మలకూ గోడకు తగిలించే ముఖాలకూ రంగులేస్తూ కాలం గడుపుతున్నాను. ఏ పటానికీ కండ్లు తెరవక ఏడాది దాటింది. అందుకని నీ పనిలో కావాలని కాలు అడ్డం పెడుతున్నానని అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

మాలతి


దోహా
27 నవంబర్ 1995

మాలతీ,

నా ప్రాణం తీస్తున్నావు. ఫోటోలు పంపుతున్నాను, ఇక్బాల్ తన కెమెరాతో తీశాడు. ఆరూ అయ్యాయి. ఆరుగురూ గుడ్డివాళ్ళలా నిలబడి నా వైపు తిరిగి ఉన్నారు. ఎటు పోయినా వాళ్ళ ముందే తిరగాలి.

కథల కోసం నేను పడని పాట్లు లేవు. పుస్తకం ఇంగ్లీషులో కూడా లేదు, జర్మనో ఇంకేదో. ఆ భాష కొద్దిగా వచ్చిన ఒక ఇంగ్లీషు టీచరమ్మ ఫ్రేము కట్టించుకోవడానికి వస్తే బతిమాలి చదివించాను. పాపం మంచావిడ. ఈయన ఫలానా చోట దొర, ఈమె ఆయన భార్య, ఇన్నో ఏట పుట్టింది, ఇన్నో ఏట పోయింది అని ఆరుగురివీ చదివి వెళ్ళిపోయింది. పుట్టడం చావడం తప్ప వాళ్ళు మధ్యలో ఏం చేశారో పుస్తకంలో లేదట. సేఠ్‌ను అడిగితే, "అరే అంజీ, గీ కథలన్ని నీకెందుకు? రెండు కండ్లు పెట్టు, ఖలాస్" అన్నాడు.

ఉండబట్టలేక ఒక పాత అట్ట మీద లావు దొర ముఖం వేసి కండ్లు పెట్టి చూశాను. మన పటంలో లాగా చెవిదాకా సాగిన కండ్లు వచ్చాయి. అత్తగారి ఊరి బస్సు తప్పిపోయినవాడిలా ఉన్నాడని ఇక్బాల్ పడీపడీ నవ్వాడు. ఆ అట్ట చించేశాను. నీ మాట దాటినందుకు అట్లా వచ్చిందని నాకు లోపల అనిపించింది, ఇది నీకు చెప్పకూడదనుకున్నాను గానీ రాసేశాను.

కథలు లేవు మాలతీ. ఉంటే నీ దగ్గరే ఉండాలి. త్వరగా రాయి, ఉత్తరం రావడానికే రెండు మూడు వారాలు పడుతోంది.

ఆంజనేయులు


చేర్యాల
18 డిసెంబర్ 1995

బావా,

ఫోటోలు అందాయి. చూసి అత్త ముక్కున వేలేసుకుంది. "దుబాయిల మొగోళ్ళు గిట్ల జుట్టు ఇడుస్తరా?" అంది. వీళ్ళు దుబాయి వాళ్ళు కారత్తా అని ఎంత చెప్పినా వినలేదు. నువ్వు కూడా అట్లా పెంచావేమోనని బెంగ పెట్టుకుంది, తర్వాతి ఉత్తరంలో నీ ఫోటో పెట్టు.

ఫోటోలు ఆరూ గోడకు ఆనించి పెట్టుకుని మూడు పూటలూ వాళ్ళ ముందే కూర్చున్నాను. అన్నం తింటూ చూశాను, బియ్యం ఏరుతూ చూశాను. చివరికి పట్టేశాను. వీళ్ళంతా ఒకే ఇంటి వాళ్ళు బావా. రాసుకో.

నడుం మీద చెయ్యి పెట్టుకున్న లావు దొర ఇంటికి పెద్ద కొడుకు. అందరికీ ఆజ్ఞలు వేస్తాడు, ఒక్కడూ వినడు. వినడం లేదని వాడికి ఇంకా తెలియదు. కాబట్టి కండ్లు నిండుగా, ధైర్యంగా తెరువు. కుక్కపిల్లను ఒళ్ళో పెట్టుకున్నది వాడి పెళ్ళాం. మొగుడితో మాటలు మానేసి ఆ కుక్కతోనే చెప్పుకుంటుంది, అదీ మొగుడికి వినపడేటట్టు. చూపు కుక్క మీద ఉండాలి, మనసు పక్క బొమ్మ మీద ఉండాలి. చేతిలో కర్ర పట్టుకున్న సేనాపతి చిన్న కొడుకు. యుద్ధానికి పోతున్నానని పొద్దున బయల్దేరి భోజనానికి తిరిగొస్తాడు. ఆ ఇనప చొక్కా మీద ఒక్క గీత అయినా ఉందా చూడు! వాడి కండ్లలో కొంచెం బిడియం పెట్టు. విసనకర్ర అమ్మాయి ఆడబిడ్డ. నవ్వు ఆపుకుంటోంది, అన్న మాటలకే. ఆ ఇనప టోపీ చంటివాడు స్నానానికి కూడా టోపీ తియ్యనన్నాడు, ఇంతకుముందే ఏడ్చి ఊరుకున్నాడు, కాబట్టి తడి ఉండాలి.

ఈ అయిదుగురికీ తెరువు. నా మాటగా తెరువు. పటం కండ్లు కాదు, వాళ్ళ కండ్లు వాళ్ళకు పెట్టు, నువ్వు పెట్టగలవు.

నల్లబట్టల ముసలి దొరసాని ఒకతి ఉంది కదా. ఆమెను మాత్రం ఆపు. ఆమె కథ నాకు రాలేదు.

మాలతి


దోహా
8 జనవరి 1996

మాలతీ,

తెరిచాను!

శుక్రవారం సెలవు రోజు. తలస్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఒక ఊదుకడ్డీ వెలిగించి మామను తలుచుకుని కూర్చున్నాను. ఇక్బాల్ తనంతట తనే బిస్మిల్లా అన్నాడు. లావు దొరతో మొదలుపెట్టాను. నీ ఉత్తరంలో మాటలు ఒక్కొక్కటీ చెవిలో వినపడుతుంటే చెయ్యి దానంతట అదే పోయింది. మధ్యాహ్నానికి అయిదుగురూ ఒకరినొకరు చూసుకుంటూ, చూడనట్టు నటిస్తూ నిలబడి ఉన్నారు. ఇక్బాల్ తన స్టూలు ఇటు తిప్పుకున్నాడు. సాయంత్రం సేఠ్ వచ్చాడు. పుస్తకం తెరిచి పక్కన పెట్టి చూశాడు, మళ్ళీ మూసేశాడు. తర్వాత నాకు చాయ్ తనే తెచ్చి ఇచ్చాడు, నేను వచ్చిన ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇంత సంతోషం నాకు ఈ దేశంలో ఎప్పుడూ కలగలేదు. నువ్వు పక్కన ఉండి వేయించినట్టే ఉంది.

ఇక ముసలి దొరసాని ఒక్కతే మిగిలింది. చిక్కేమిటంటే ఆ ఇంటివాళ్ళకు ముఖ్యంగా కావలసింది ఆ బొమ్మే. తలుపు తియ్యగానే ఎదురుగా కనపడే గోడకట. మిగతా అయిదూ ఇచ్చి ఇది లేదంటే ఆర్డరు మొత్తం వెనక్కి వస్తుంది, దాని వెనకే నేను. రంజాన్ నెల దగ్గరికొచ్చింది. ఏదో ఒక కథ రాసి పడెయ్యి మాలతీ, ఆమె కోపిష్టి అత్తగారు అని రాసినా చాలు.

ఆంజనేయులు


చేర్యాల
30 జనవరి 1996

బావా,

ఏదో ఒక కథ రాసి పడేయమంటావా? ఆ మాట బాపు వింటే కుంచె విరిచేవాడు.

ఆమె కోపిష్టి అత్తగారు కాదు. నేను అబద్ధం చెప్పాను. ఆమె కథ నాకు రాలేదని రాశాను కదా, వచ్చింది. ఫోటో చూసిన మొదటి పూటే వచ్చింది. రాయబుద్ధి కాలేదు.

ఆ ముఖం చూస్తే నేనే ముసలిదాన్ని అయినట్టు అనిపించింది. ఎవరి కోసమో కూర్చుని కూర్చుని, వచ్చినవాళ్ళనందరినీ చూసి, కావలసినవాడు రాలేదని తెలిసి, అయినా లేవకుండా కూర్చున్నట్టుంది. నువ్వు వెళ్ళి నాలుగో ఏడు నడుస్తోంది. నేను నవ్వుతూ ఉత్తరాలు రాస్తున్నానని నీకు దిగులు లేదనుకుంటున్నావేమో. ఉంది. ఆ దిగులును తీసుకెళ్ళి ఎవరో షేకుల ఇంట్లో గోడకు పెడతానంటే నాకు మనసొప్పలేదు.

అందుకని ఆమెకు తెరవకు. ఇంకో కథ వెతుకుతాను, దొరికేదాకా ఆగు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ ఇద్దరం కలిసి బొమ్మలకు రంగులేసుకుందాం. ఇది కోపంతో రాస్తున్నది కాదు.

మాలతి


దోహా
4 ఫిబ్రవరి 1996

మాలతీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను. తిట్టు గానీ ముందు పూర్తిగా చదువు.

ఉపవాసాల నెల కాబట్టి దుకాణం సాయంత్రాలే తెరుస్తున్నాము. మొన్న ఉమ్ నాసర్ స్వయంగా వచ్చింది, డ్రైవరు ముజఫ్ఫర్ అలీ వెంట. ఈ దేశంలో పెద్దవయసు ఆడవాళ్ళు ముఖానికి బతూలా అని ఒక ముసుగు కట్టుకుంటారు, ముక్కూ నోరూ కనపడవు. కండ్లు మాత్రం కనపడతాయి. అయిదు బొమ్మల ముందూ ఆగి ఆగి నవ్వింది. కుక్క దొరసాని దగ్గర ఇంకా ఎక్కువ నవ్వింది. ఆరో దాని దగ్గరికొచ్చి, దీనికి కండ్లు ఏవి అని అడిగింది. ఆమె అరబ్బీ మాటలు ముజఫ్ఫర్ అలీ ఉర్దూలో చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను, కథ తెలియలేదమ్మా, తెలిస్తే గానీ తెరవము అని. సేఠ్ నా కాలు తొక్కాడు.

ఆమెకు కోపం రాలేదు. కూర్చుంది. కథ నేను చెప్తానంది. తన చిన్నప్పుడు ఇంటి మగవాళ్ళంతా ఎండాకాలం ముత్యాలు తీసే పడవలెక్కి సముద్రంలోకి పోయేవాళ్ళట. పడవలు తిరిగొచ్చే రోజు ఊరంతా ఒడ్డున పాటలు పాడుతుంటే, వాళ్ళమ్మ మాత్రం ఒక్క నవ్వు నవ్వకుండా నిలబడేదట. గర్వం అనుకునేవారట అందరూ. చివరి మనిషి నేల మీద కాలు పెట్టేదాకా ఆమె ముఖం అట్లాగే ఉండేదట. ముజఫ్ఫర్ అలీ చివరి మాట ఇట్లా చెప్పాడు: "ఈ దొరసాని కోపంలో లేదు, ఇంకా దిగని వాళ్ళ కోసం చూస్తోంది."

ఆమె వెళ్ళగానే తెరిచాను మాలతీ. ఆగితే ఆ కథ చల్లారిపోతుందనిపించింది. తెరిచి, వెనక్కి జరిగి చూశాను. పుస్తకంలో దొరసాని కండ్లు కావు అవి. ఉమ్ నాసర్ కండ్లు. కథ ఆమె చెప్పింది, నాకు కనపడింది ఆమె కండ్లే, చేతికి వేరేవి ఎక్కడినించి వస్తాయి?

ఈ దేశంలో ఇంటి ఆడమనిషి పోలికను గోడకెక్కించి వచ్చే పోయే మగవాళ్ళకు చూపడం ఎంత తప్పో నీకు తెలియదు. సేఠ్ చూసి, కండ్లు గీకేసి మళ్ళీ వెయ్యమన్నాడు. తెరిచిన కండ్లు మూయకూడదు, అది మన ఇంట్లో లేదు అన్నాను. అయితే సామాను సర్దుకోమన్నాడు. బొమ్మ మీద దుప్పటి కప్పి ఉంచాను. వచ్చే వారం ఆమె మళ్ళీ వస్తుంది.

ఆంజనేయులు


దోహా
19 ఫిబ్రవరి 1996

మాలతీ,

నేను ఇంకా దోహాలోనే ఉన్నాను. ఈ మాట మొదట అమ్మకు చెప్పు.

ఆమె వచ్చింది. సేఠ్ దుప్పటి తియ్యకముందే క్షమాపణలు మొదలుపెట్టాడు, వేరే బొమ్మ వేయిస్తానని, ఈ పనివాణ్ణి పంపేస్తానని. ఆమె చెయ్యెత్తి ఆపింది. దుప్పటి నేనే తీశాను. ఆమె బొమ్మకు దగ్గరగా జరిగింది. నేను ముజఫ్ఫర్ అలీ ముఖం చూస్తున్నాను, అతను నేల చూస్తున్నాడు.

"ఉమ్మీ" అంది. అమ్మా అని.

చిన్నప్పటినించీ ఊళ్ళో అందరూ ఆమెవి అచ్చం తల్లి కండ్లే అనేవారట. ఆ తల్లిది ఒక్క ఫోటో కూడా లేదు, ఆ రోజుల్లో ఇక్కడ కెమెరా ఎవరికుంది? ముఖం మరిచిపోతున్నానని ఈమధ్య భయపడుతోందట. ఇక్బాల్ స్టూలు మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది. పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినపడితే అక్కడే మా ఖర్జూరాలతోనే ఉపవాసం విడిచింది. అయిదు బొమ్మలూ హాలుకు పోయాయి. ఆరోది ఆమె సొంత గదికి పోయింది, అక్కడికి మగవాళ్ళు రారు. హాల్లో ఆ చోట పెద్ద గడియారం పెట్టిస్తానంది. సేఠ్ ఇప్పుడు అందరికీ ఆ కండ్లు తన ఐడియా అని చెప్పుకుంటున్నాడు.

అదే రోజు నీ ఉత్తరం అందింది. చదివి దుకాణం వెనక మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు వద్దన్నది చేశాను. నీ దిగులు దాచుకున్నావు, నేను తెలియకుండానే దానికి కండ్లు పెట్టాను. ఎండలు ముదిరేలోగా సెలవు ఇస్తానన్నాడు సేఠ్. ఈసారి నిజంగానే ఇస్తాడు, ఉమ్ నాసర్ తన ఎదురుగా చెప్పించింది.

నీ
ఆంజనేయులు


చేర్యాల
9 మార్చి 1996

బావా,

నీ రెండు ఉత్తరాలూ, అక్కడి రాస్ లఫాన్ నించి సెలవు మీద వచ్చిన మన ఊరి గంగన్న చెప్పిన కబుర్లూ ఒక్క వారంలోనే అందాయి. నువ్వు చిక్కిపోయావని గంగన్న అంటే, జుట్టు మాత్రం పెంచలేదు కదా అని అత్త అడిగింది. లేదన్నాక స్తిమితపడింది.

మొదటి ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. నా మాట కోసం ఆగలేదని అత్తతో రెండు రోజులు నీ మీద చాడీలు చెప్పాను. రెండోది చదివి ఆమె ముందే ఏడ్చాను. ఎందుకో చెప్పమని అడిగితే ఉమ్ నాసర్ వాళ్ళమ్మ కథ చెప్పాను. అత్త విని, "గా తల్లిది నా తీరే ఉన్నది" అంది. నేనేమో అది నా ఒక్కదాని కథ అనుకున్నాను.

నువ్వు తప్పు చెయ్యలేదు. కథ విన్నావు, విన్నాకే తెరిచావు, తెరిచినదాన్ని మూయనన్నావు, సామాను సర్దుకోమన్నా మూయనన్నావు. బాపు ఉంటే ఆ రోజే హక్కు నీకు ఇచ్చేవాడు. ఆయన లేడు కాబట్టి నేను ఇస్తున్నాను. ఇకనించి మనుషులకైనా దేవుళ్ళకైనా నువ్వు తెరువు, నన్ను అడగక్కర్లేదు. నా హక్కు నాకుంది, నీది నీకుంది, ఒక ఇంట్లో రెండు చేతులుంటే ఏమీ కాదు.

అయితే ఒక పని ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా బొమ్మ ఒక్కటైనా గీశావా? సెలవుకు వచ్చేటప్పుడు ఆ నూనె రంగులు తెచ్చుకో. వెనక చీకటే పెట్టు, ఎరుపే పెట్టు, నీ ఇష్టం. ముసలిదాన్ని చెయ్యకు. నా కథ నీకు చాలావరకు తెలుసు. తెలియనిది ఉంటే ఉత్తరంలో అడగకు, వచ్చి ఎదురుగా కూర్చుని అడుగు.

మాలతి